పేడనీళ్ల పాటలో చోటు

ఆ పాటలో వేను డ్రైవరున్నాడు. వంటవాడున్నాడు. కాళ్లు కట్టేసి వేను వెనకాల పడేసిన కోళ్లకు ఏకంగా రెండు చరణాలున్నాయి. రోడ్డు పక్కన నిలబడి కొట్లాటను మొదటి నుంచి చివరిదాకా చూసిన నాకు మాత్రం ఒక్క ముక్క లేదు. పత్రికల్లో పనిచేసిన ఇన్నేళ్లలో నాకంటే బాగా రాసేవాళ్లను చాలామందిని చూశాను. కొందరి మీద గౌరవం కలిగింది, కొందరి మీద చిరాకు కలిగింది. అసూయ ఎలా ఉంటుందో నాకు తెలిసింది అరకు సంతలో, ఒక రోడ్డు కూలీ కట్టిన పాట విన్నప్పుడు.

అప్పట్లో నేను విశాఖపట్నం నుంచి వచ్చే ఒక దినపత్రికకు అరకులోయ విలేకరిని. ఒక అద్దె ఇల్లు, ఒక సైకిలు, ‘ప్రెస్’ అని ఎర్ర అక్షరాలు రాయించుకున్న చేతిసంచీ నా ఆస్తి. ఎమర్జెన్సీ ఎత్తేసిన వేసవి అది. కిందంతా రాజకీయాలు ఉడుకుతున్నాయి. పైన లోయలో మాత్రం ఇటుకల పండగ నడుస్తోంది.

ఈ పండగ ఎరగనివాళ్లకు కొంచెం చెప్పాలి. చైత్రంలో కొండ ఊళ్ల మగవాళ్లు విల్లంబులు పట్టుకుని అడవికి వేటకు పోతారు. వాళ్లు తిరిగి వచ్చేదాకా ఊరూ దారీ ఆడవాళ్లవే. దారికి అడ్డంగా తాడు కట్టి, వచ్చేపోయేవాళ్లను ఆపి పండగ చందా అడుగుతారు. ఇచ్చినవాడికి తాడు పైకెత్తి దారి వదులుతారు. ఎత్తవలసింది వాళ్లే, ఇంకొకరు దాన్ని ముట్టకూడదు. ఇక వేటకు పోయినవాడు వట్టి చేతులతో తిరిగి వస్తాడేమోనని ఊరి మొదట్లోనే కుండల్లో పేడనీళ్లు కలిపి ఉంచుతారు. అలా వస్తే నెత్తి మీద నుంచి పోస్తారు. పోసేది పెళ్లామైనా, వదినైనా, అత్తగారైనా వాడు నోరెత్తడానికి వీల్లేదు.

ఆ ఏడు ఘాటు రోడ్డు వెడల్పు చేసే పని జరుగుతోంది. కూలీల్లో మగవాళ్లంతా వేటకు పోయారు. ఆడకూలీలు తట్టలు బోర్లించి, కంకర కుప్పలకూ తారు పీపాలకూ మధ్య తాడు కట్టి, పేడనీళ్ల కుండలు పక్కన పెట్టుకుని కూర్చున్నారు. నేను ఎదురుగా టీ బడ్డీలో ఉన్నాను. పొద్దు ఇంకా నడినెత్తికి రాలేదు. కింద నుంచి ఒక నీలం రంగు వేను మూలుగుతూ మలుపు తిరిగి వచ్చి తాడు దగ్గర ఆగింది.

అందులోంచి దిగినవాళ్లు పట్నంలో ఏదో ఆఫీసు కుర్రాళ్లు. పిక్నిక్కు వచ్చారు. వెడల్పు గొట్టాల ప్యాంట్లు, ఎత్తు మడమల బూట్లు, నల్ల కళ్లద్దాలు, భుజాన టేప్ రికార్డరు. వంటకు గిన్నెలూ, కోళ్లూ, ఒక వంటవాడూ వెంట ఉన్నారు. ఆడవాళ్లు నవ్వుతూ చుట్టూ మూగారు. కూలీల ముఠాలో అందరికంటే పెద్దది ఒక అవ్వ ఉండేది. ఆమె చెయ్యి చాపి పండగ చందా అడిగింది. కుర్రాళ్లకు అది పండగలా కనిపించలేదు, దారి దోపిడీలా కనిపించింది. పోలీసులను పిలుస్తామన్నాడు ఒకడు. పోలీసు జీపు పొద్దున్నే చందా ఇచ్చి పోయిందని ఆడవాళ్లు చెప్పారు. అప్పుడు వాళ్లలో పొడుగ్గా ఉన్న కుర్రాడు వంటవాడి దగ్గరున్న కత్తి లాక్కుని వచ్చి తాడు కోసేశాడు.

తెగిన తాడు రెండు కొసలూ అవ్వ చేతిలోకి తీసుకుని చూసుకుంది. పొడుగు కుర్రాడు ఆమెను పక్కకు నెట్టి డ్రైవరును పోనిమ్మన్నాడు. ఆ నెట్టుడికి ఆమె కింద కూలబడింది.

తర్వాత జరిగినదాన్ని కొట్లాట అనే అనాలి. కుర్రాళ్లు ముందు చేతులు లేపారు, ఒకడు జాకీ రాడ్డు తీశాడు. ఆడవాళ్లు తట్టలు డాళ్లలా పట్టుకున్నారు. రాడ్డు తట్ట మీద పడి గంట కొట్టినట్టు మోగింది, పట్టినవాడి చెయ్యి జలదరించి రాడ్డు జారిపోయింది. ఎత్తు మీద ఉంటే గెలుస్తామనుకున్నారో ఏమో, కుర్రాళ్లు కంకర కుప్ప ఎక్కారు. రోజంతా దాని మీద వట్టి కాళ్లతో బరువులు మోసేవాళ్లకు ఆ కుప్ప మెట్లదారి. మడమల బూట్లవాళ్లను అది నిలవనివ్వదు. ఒకడి తర్వాత ఒకడు జారి దొర్లుకుంటూ వచ్చి ఆడవాళ్ల కాళ్ల దగ్గరే పడ్డారు. వేటగాళ్ల కోసం కలిపి ఉంచిన పేడనీళ్ల కుండలు అప్పటికే పైకి లేచాయి. మొదటి కుండ పొడుగు కుర్రాడి నెత్తిన పోసింది అవ్వే. ఈ గొడవలో కోళ్ల తాళ్లు ఊడి అవి రోడ్డంతా పరుగెత్తాయి. ఆడవాళ్లు వాటిని పట్టేసి, ఈ ఏటి వేట మాదేనని చెప్పారు.

అప్పుడు నేను మధ్యలోకి వెళ్లాను. ఇది నేను గొప్పకు చెప్పడం లేదు. పేడ కారుతున్న ఆ కుర్రాళ్లలో పెద్దవాణ్ణి పక్కకు తీసుకుపోయి, ప్రెస్ సంచీ చూపించి, ఆడవాళ్ల చేతిలో దెబ్బలు తిన్నారని పేపర్లో పడితే ఆఫీసులో తల ఎత్తుకోలేరని చెప్పాను. వాళ్లు చందా కట్టి, కోళ్ల మాట ఎత్తకుండా, బిరబిరా వేనెక్కి వెనక్కి తిరిగిపోయారు. కేసు లేదు, కోర్టు లేదు. ఆ పని చేసింది నేనే.

సాయంత్రం మగవాళ్లు అడవి నుంచి వట్టి చేతులతో వచ్చారు. మిగిలిన కుండలు వాళ్ల మీద ఖాళీ అయ్యాయి. వాళ్లలోనే ఉన్నాడు పాట కట్టినవాడు. అంటే కొట్లాట జరిగినప్పుడు అతను అక్కడ లేనే లేడు. ఈ సంగతి పాఠకులు గుర్తుంచుకోవాలని నా మనవి.

నేను ఆ రాత్రే వార్త రాసి పొద్దున్న బస్సులో పంపాను. జిల్లా పేజీలో వచ్చింది. అరకు ఘాటు రోడ్డులో పర్యాటకులకూ గిరిజన మహిళా కూలీలకూ మధ్య స్వల్ప ఘర్షణ జరిగిందనీ, స్థానికుల జోక్యంతో సద్దుమణిగిందనీ ఉంది. తప్పు ఒక్కటి లేదు. ‘స్థానికుల జోక్యం’ అంటే నేను.

శుక్రవారం సంతకు వెళ్లాను. చింతపండు కుప్పల వెనక జనం గుంపుగా ఉన్నారు. మధ్యలో రోడ్డు కూలీ ఒకడు ఇనప తట్ట బోర్లించి దాని అంచు మీద వేళ్లతో దరువు వేస్తూ పాడుతున్నాడు. నలభై దాటిన మనిషి. జుట్టుకు నూనె దట్టించి పాయ తీసుకుని, ఎండలో కూడా మెడకు మఫ్లరు చుట్టుకుని ఉన్నాడు.

ఎర్ర వేను ఎక్కినారు ఏబై మంది దొరలు
కళ్లకేమో నల్లద్దాలు, కాళ్లకేమో గొడుగులు
కంకర కుప్ప ఎక్కినారు, కోటలాగ నిలిసినారు
మడమ జోడు జారిపోతే మామిడికాయలై దొర్లినారు

జనం పడి పడి నవ్వుతున్నారు. నేను మనసులో దిద్దుతున్నాను. వేను నీలం. ఏబై మంది కాదు, ఒక్క వేనుకు పట్టేంతమందే. కానీ కాళ్లకు గొడుగులు అన్న మాట దగ్గర నా దిద్దుబాటు ఆగిపోయింది. ఆ ప్యాంట్లను నేను అరగంటసేపు కళ్లారా చూశాను. గొడుగులని నాకు తోచలేదు. చూడనివాడికి తోచింది.

తర్వాత అవ్వ చరణం వచ్చింది.

అమ్మ సేతి ఉగ్గు తాగి అంత ఎత్తు ఎదిగినావు
అవ్వ సేతి నీళ్లు తాగి ఇంకొంచెం ఎదగరా

అవ్వ అక్కడే చుట్ట నిప్పు కొస నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగుతూ, తన పాట కాదన్నట్టు అటు తిరిగి కూర్చుంది. ఆమె భుజాలు మాత్రం నవ్వుతున్నాయి. చివరికి పాడేవాడు తన సంగతి తానే చెప్పుకున్నాడు.

అడివి అంతా తిరిగొచ్చాను, ఆకు తప్ప దొరకలేదు
ఆడోళ్లేమో రోడ్డు మీద కోళ్ల వేట కొట్టినారు

నేను చివరి చరణం దాకా నిలబడ్డాను. మధ్యలోకి వెళ్లి కొట్లాట ఆపిన మనిషి ఎక్కడో ఒక చోట వస్తాడని ఎదురుచూశాను. వేను దానంతట అదే వెనక్కి తిరిగి పారిపోయింది పాటలో. కనీసం చోద్యం చూసిన టీ బడ్డీవాడి పేరు కూడా ఉంది, నేను లేను.

ఇంటికి వస్తే నా భార్య పప్పు రుబ్బుతూ అదే పాట కూనిరాగం తీస్తోంది. ఆమెది పాచిపెంట వైపు. నా కంటే ముందే సంతకు వెళ్లి వచ్చిందట. నా వార్త చదివావా అని అడిగాను.

“చదివేనండి. అందులో ఏటుంది? ఎవులు ఎవుల్ని కొట్టేరో కూడా తెలీలేదు.”

పేపర్లో అలా రాయకూడదని చెప్పాను. ఆమె సరేనని తల ఊపి మళ్లీ గొడుగుల దగ్గర నుంచి అందుకుంది. పెళ్లయిన ఇన్నేళ్లలో నేను రాసిన ఒక్క వాక్యాన్ని ఆమె రెండోసారి పలకగా నేను వినలేదు.

రెండు మూడు రోజులు ఓర్చుకుని రోడ్డు పని జరిగే చోటికి సైకిలు వేసుకుని వెళ్లాను. పాటగాడు కంకర కొడుతున్నాడు. నేను ఇచ్చిన బీడీ తీసుకుని చెవి మీద పెట్టుకున్నాడు, ఇంకోటి ఇమ్మని దాన్ని వెలిగించాడు. నేను పెద్దమనిషి తరహాలో పాట బాగుందని చెప్పి, కొన్ని తప్పులున్నాయన్నాను. వేను నీలం రంగుదని చెప్పాను.

“నీలం అయితే ఎవులికి కనిపిత్తాది బాబూ? ఎర్రదంటే సంత సివర కూకున్నోడికి కూడా కనిపిత్తాది.”

కొట్లాట ఎలా ఆగిందో అతనికి తెలియదేమోనని నేను మెల్లగా ఎత్తుకున్నాను. తెలుసన్నాడు. పేపరుబాబు మధ్యలోకొచ్చాడని ఆడవాళ్లు చెప్పారన్నాడు. మరి ఆ సంగతి పాటలో లేదేమని అడగడానికి నాకు సిగ్గేసింది. అయినా అడిగాను. ఇంకో వంకన అడిగాను, చరిత్ర పూర్తిగా ఉండాలి కదా అన్నాను.

అతను సుత్తి పక్కన పెట్టి నన్ను తలనుంచి కాళ్లదాకా చూశాడు.

“నువ్వు తడవలేదు కదా బాబూ. ఆ దినం తడిసినోళ్లూ, తడిపినోళ్లే పాటలో ఉన్నారు. టీ బడ్డీవోడి మీదా కొంత సిందింది. నా మీద అయితే మా వదిన కుండ మొత్తం ఒంపేసింది. పొడిగా ఉన్నోడి మీద ఏటి పాడతాను?”

ఇందులో వినయం పాలు ఏమాత్రం లేదు. పాట కట్టడంలో తన సాటి ఈ ఏజెన్సీలో లేడని ఆ తర్వాత చాలాసేపు చెప్పుకున్నాడు. కురుపాం సంతలో తనకు పాగా చుట్టారన్నాడు. అదీ అబద్ధమే కావచ్చు. దాన్ని కూడా అతను బాగా చెప్పాడు.

పాట కొండ దిగింది. పాచిపెంటలో మా బావమరిది నాకే పాడి వినిపించి, ఇది మీ వైపు పాటేనట కదా అన్నాడు. సాలూరు బస్సులో కండక్టరు టిక్కెట్లు కొడుతూ పాడాడు. కొయ్యూరు నుంచి వచ్చిన అడ్డాకుల వ్యాపారి పాటలో వేను కాస్తా రెండు వేన్లయింది. ఎవరూ ఎక్కడా పాడినవాడు అక్కడ ఉన్నాడా లేడా అని అడగలేదు. నేను ఎక్కడికి వెళ్లినా ఆ దినం నేనక్కడే ఉన్నానని చెప్పేవాణ్ణి. ఒకాయన జాలిగా చూసి, అయితే మీకూ దెబ్బలు తగిలాయా అని అడిగాడు.

అంతటితో పోలేదు. విశాఖపట్నం ఆఫీసు నుంచి మా సంపాదకుడు ట్రంకాల్ చేశాడు. మీ లోయలో ఏదో పేడనీళ్ల పాట ఉందట, ఊరంతా పాడుతోంది, మన విలేకరికి తెలియదా అన్నాడు. ఆ కొట్లాట వార్త నేను అప్పుడే పంపానని చెప్పాను. వార్త సరే, పాట ఏదీ అన్నాడు. ఆదివారం సంచికకు రాయమన్నాడు. నేను కూర్చుని పండగ ఆచారం, కూలీల బతుకు, కొండ పాటల సంప్రదాయం అన్నీ కలిపి ఎంతో శ్రద్ధగా రాశాను. అచ్చయి వచ్చేసరికి పాటను పేజీ నడుమ లావు అక్షరాల్లో వేసి, నా రాతను చుట్టూ సన్నటి అక్షరాల్లో సర్దారు. మెచ్చుకుంటూ నాకు చాలా ఉత్తరాలు వచ్చాయి. అన్నీ పాటను మెచ్చుకున్నవే.

మరుసటి ఏడు ఇటుకల పండగ దగ్గర పడుతుండగా నేను ఒక నిర్ణయానికి వచ్చాను. తడిస్తేనే పాటలోకి రానిస్తారంటే తడుస్తాను. అందులో నష్టమేముంది?

ఆ రోజు పాత చొక్కా వేసుకున్నాను. కళ్లజోడు తీసి జేబులో పెట్టుకుని, తర్వాత అదీ ప్రమాదమని ఇంట్లో వదిలేశాను. చేతి గడియారం విప్పేశాను. సైకిలు వద్దనుకుని నడిచి వెళ్లాను. తాడు అదే చోట కట్టారు. తెగిన చోట వేసిన ముడి లావుగా కనిపిస్తోంది. కుండలు వరసగా ఉన్నాయి. పేడ వాసన దూరానికే వచ్చింది. నేను తాడు దగ్గరకు వెళ్లి, ఎవరూ అడగకముందే, చందా ఇవ్వనని గట్టిగా చెప్పాను.

అవ్వ లేచి దగ్గరకు వచ్చింది. కళ్లజోడు లేదు గనక ఆమె మొహం నాకు సరిగా కనిపించలేదు. ఆమెకు మాత్రం నేను బాగానే కనిపించాను.

“గడియారం ఇప్పేసి వొచ్చినావేటి బాబూ?”

పాడైపోయిందన్నాను. కళ్లజోడు కూడా పాడైందా అని పక్కనున్న పడుచు అడిగింది. అందరూ నవ్వారు. నేను మళ్లీ చందా ఇవ్వనన్నాను. తాడును ముట్టుకున్నాను కూడా.

అవ్వ నా చెయ్యి తాడు మీద నుంచి తీసేసి చెప్పింది: “నీ కాడ డబ్బులొద్దు, నీకు నీళ్లూ ఒద్దు. తడవాలని వొచ్చినోడి మీద పోత్తే పేడ దండగ. నిరుడు నువ్వు బేగి అడ్డం రాకపోతే ఇంకా రెండు కుండలున్నాయి మా కాడ. అయి ఆ పట్నం కుర్రగుంటల మీదే ఒలికిపోయేవి. పో బాబూ, పో.”

అని తాడు పైకెత్తింది. ఆమెతోపాటు మిగతావాళ్లూ ఎత్తారు, నన్ను పెళ్లికొడుకును పంపినట్టు కిందనుంచి అవతలికి పంపారు. అవతల నాకు పనేమీ లేదు. కాసేపు నిలబడి మళ్లీ ఇవతలికి రావలసి వచ్చింది. మళ్లీ తాడు ఎత్తారు. నా మీద చుక్క పడలేదు. నిరుటి నా మధ్యవర్తిత్వం సంగతి వాళ్లు మరిచిపోలేదని నాకు అప్పుడు తెలిసింది. దాన్ని వాళ్లు తలచుకున్న తీరు మాత్రం నేను ఊహించింది కాదు.

ఇంటికి వచ్చి జరిగింది భార్యకు చెప్పాను. ఆమె నవ్వు ఆపుకోవడానికి వంటింట్లోకి వెళ్లింది. అంతకుమించి ఏమీ జరగలేదు. నేను ఏడవలేదు, ఆమె నా మీద నీళ్లు పొయ్యనూ లేదు. ఈ రెండూ ఎందుకు చెబుతున్నానంటే, తర్వాతి శుక్రవారం సంతలో పాటకు కొత్త చరణం వచ్చింది.

పేడనీళ్లు పొయ్యమంటా పేపరుబాబు నిలిసినాడు
పొడిబట్టలతో ఇంటికెళ్లి పెళ్లాం ముందు ఏడిసినాడు
బిందెడు నీళ్లు తెచ్చి ఆయమ్మ నెత్తి మీద కుమ్మరించి
తడిసినావు, ఏడవకయ్యా, పాట రాసుకో పో అంది

నాకు దక్కింది ఇది. ఏడాదిగా అడిగింది చేతికొచ్చింది. తట్ట మీద దరువు, చుట్టూ జనం, నా మీద చరణం. జనం మొదటి రెండు పాదాలకు నవ్వారు. మూడో పాదం దగ్గర ఆగారు. నాలుగో పాదానికి అందరూ ఒక్కసారి గొల్లుమన్నారు. నవ్వు ఎక్కడ పడుతోందో లెక్కగట్టడం నా వృత్తిలో అబ్బిన జబ్బు. అది నా మీద పడలేదు. చరణం నాదే, మాట మాత్రం ఆమెది. ఆమె అనని మాట.

పాటగాడి దగ్గరకు వెళ్లి నా భార్య అలా అనలేదని చెప్పాను. అనకపోతే అనాల్సిందే కదా బాబూ అన్నాడు.

ఈ సంగతి నా భార్యకు నేను చెప్పకముందే తెలిసింది. ఆమె కోప్పడుతుందని నేను కొంచెం ఆశ పెట్టుకున్నాను. కోప్పడలేదు. మంచి చీర కట్టుకుని వచ్చే వారం సంతకు తనను తీసుకెళ్లమంది. చింతపండు అమ్మే ఆడవాళ్లు ఆమెను చుట్టుముట్టారు. అవ్వ తన పొగాకులో సగం తుంచి ఇచ్చింది. నా భార్య జన్మలో పొగాకు ముట్టని మనిషి, దాన్ని కళ్లకద్దుకుని కొంగున కట్టుకుంది. ఎవరో ఆ నాలుగో పాదం ఒకసారి అనమన్నారు. ఆమె సిగ్గుపడకుండా అంది, వాళ్ల ఊళ్లో గొంతు పెంచి మాట్లాడే తీరులో, సరిగ్గా పాటలో ఉన్నట్టే అంది. ఆ క్షణం నుంచి ఆమె ఆ మాట నిజంగా అన్నట్టే అయింది. ఇంట్లోనూ అలాగే అనేది, నేను కాగితాలు ముందేసుకుని కూర్చున్నప్పుడల్లా.

నేను సంచీ పట్టుకుని వెనక నిలబడ్డాను. బస్సు దిగి కొత్తగా వచ్చిన పసుపు బేరగాడు ఒకడు గుంపును చూసి ఎవరీమె అని అడిగాడు. పాటలో బిందెతో నీళ్లు పోసిన ఇల్లాలని చెప్పారు. అతను తలపాగా సర్దుకుని ఆమెకు దండం పెట్టాడు. తర్వాత నా వైపు చూపించి, మరి ఈ బాబెవరని అడిగాడు.

అవ్వ చుట్ట నోట్లోంచి తీయకుండానే, “ఆయమ్మ మొగుడు” అంది.